నన్ను తిరగేసి పట్టుకున్న చేతులు

నేనొక గిటారును. అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రం, చెవీ చేజ్ అనే ఊళ్ళో, సీగర్ గారింటి వంటగది గోడకు వేలాడుతూ ఉండేదాన్ని. వంటగదిలో గిటారుకేం పని అనుకోకండి. ఆ ఇంట్లో పాట లేని గది లేదు. ఇంటి పెద్ద చార్లెస్ సీగర్ సంగీతశాస్త్ర పండితుడు. ఆయన భార్య రూత్ క్రాఫర్డ్ సీగర్ కొత్త పోకడల సంగీతం రాసిన స్వరకర్త. పల్లెల్లో, పొలాల్లో, జైళ్ళలో జనం పాడుకునే పాటల రికార్డులు పెట్టుకుని, ఒక్కో ముక్కనూ మళ్ళీ మళ్ళీ విని, ఆవిడ స్వరాలు రాసేది. 1948లో పిల్లల కోసం అలాంటి పాటల పుస్తకం కూడా తెచ్చింది. చార్లెస్ గారి మొదటి భార్య కొడుకు పీట్ సీగర్ బాంజో భుజాన వేసుకుని దేశమంతా పాడుతూ తిరిగేవాడు. ఇంట్లో మైక్, పెగ్గీ, బార్బరా, పెన్నీ ఆ పాటల మధ్యే పెరిగారు. నేను పెగ్గీ గిటారును.

ఆ ఇంటికి ఒకావిడ పనికి వచ్చేది. పేరు ఎలిజబెత్ కాటెన్. అంతకుముందు ఆవిడ వాషింగ్టన్‌లోని లాన్స్‌బర్గ్స్ అనే పెద్ద దుకాణంలో బొమ్మలు అమ్ముతుండగా, సీగర్ గారి చిన్నపిల్ల ఒకతె అక్కడి జనంలో తప్పిపోయింది. ఈవిడే ఆ పిల్లను వెతికి పట్టుకుని తల్లికి అప్పగించింది. ఆ పరిచయంతోనే రూత్ గారు ఈవిడను ఇంటి పనికి రమ్మన్నారు. వంట చేసేది, రొట్టెలు కాల్చేది, బట్టలు ఇస్త్రీ చేసేది. పిల్లలకు ‘ఎలిజబెత్’ నోరు తిరగక ‘లిబ్బా’ అయింది. చివరిదాకా అందరికీ ఆవిడ లిబ్బానే.

ఒకనాడు పనుల మధ్య లిబ్బా నన్ను గోడ మీంచి దించింది. నన్ను పట్టుకున్న తీరుకే నేను ఉలిక్కిపడ్డాను. గిటారుకు ఆరు తీగలు. కుడిచేతి వాటం వాళ్ళు ఎత్తుకుంటే లావు తీగలు పైన, వాయించేవారి గడ్డం వైపుంటాయి. సన్న తీగలు కింద, నేల వైపుంటాయి. బొటనవేలు లావు తీగల మీద లయ నడుపుతుంటే, మిగతా వేళ్ళు సన్న తీగల మీద పాట వరస పలికిస్తాయి. లిబ్బాది పుర్రచేతి వాటం. తీగలు మార్చకుండా, ఉన్నదాన్ని ఉన్నట్టే నన్ను తలకిందులు చేసి పట్టుకుంది. సన్న తీగలు పైకొచ్చాయి, లావు తీగలు కిందికి పోయాయి. ఇక ఆమె బొటనవేలు పాట పాడింది. కింద వేలు మంద్రస్వరాలను అటొకటి ఇటొకటి మీటుతూ నడక నిలబెట్టింది. బొటనవేలి కండ తగిలిన సన్న తీగ గుండ్రంగా, వెచ్చగా మోగుతుంది. నాలో అలాంటి గొంతు ఒకటుందని అంతవరకు నా నుంచి ఎవరూ రాబట్టలేదు. పెగ్గీ ఆ చప్పుడు విని గుమ్మంలో నిలబడిపోయింది.

ఆ తరవాత ఇంట్లో అందరూ అడిగారు, ఆవిడ చెప్పింది, నేను విన్నాను. లిబ్బా 1893లో నార్త్ కరోలినాలో, చాపెల్ హిల్ పక్కనే ఉన్న కార్‌బరోలో పుట్టింది. నల్లజాతి కుటుంబం, అయిదుగురు పిల్లల్లో ఆఖరిది. అన్న పనికి వెళ్ళగానే అతని బాంజో తీసి దొంగతనంగా వాయించేది. అన్న బాంజోతో సహా ఇల్లు విడిచి వెళ్ళిపోయాక, ఆ పిల్ల బడి మాని ఇళ్ళలో పనికి కుదిరింది. జీతం నెలకు 75 సెంట్లు. ఆ డబ్బు కూడబెట్టి, 3 డాలర్ల 75 సెంట్లకు స్టెల్లా గిటారు కొనుక్కుంది. నేర్పేవారు లేరు. ఎడమచేతికి అనువుగా తీగలు మార్చి చూసింది గాని, అది చేతికి పట్టుబడలేదు. మళ్ళీ మామూలుగా బిగించి, గిటారునే తిరగేసింది. లోకం ఇప్పుడు ‘కాటెన్ పికింగ్’ అని పిలిచే శైలి ఒక పనిపిల్ల ఒంటరి సాధనలో పుట్టింది.

ఆమె గురువులు చుట్టూ గాలిలో ఉన్నారు. చర్చిలో కీర్తనలు, ఊరి నాట్యాలకు వాయించే వరసలు, అప్పుడప్పుడే వ్యాపిస్తున్న రాగ్‌టైమ్ అనే కొత్త లయల సంగీతం, అన్న బాంజో. 19వ శతాబ్దంలో హెన్రీ వొరాల్ గిటారు కోసం రాసిన ‘సెబాస్టొపోల్’ దొరల ఇళ్ళ హాళ్ళలో మోగిన అచ్చు సంగీతం. నోటి నుంచి నోటికి, చేతి నుంచి చేతికి పల్లెలు దాటి లిబ్బాకు చేరేసరికి అది ‘వాస్టపోల్’ అయింది. తీగల శ్రుతి మార్చి ఆమె వాయించే ఆ వరసలో దొరల హాలూ ఉంది, పేదల వాకిలీ ఉంది. ఇంటి దగ్గర్లోనే రైలు పట్టాలు. రోజూ పోయే బండ్ల చప్పుడు వింటూ, పన్నెండేళ్ళు వచ్చీరాని వయసులో ‘ఫ్రైట్ ట్రెయిన్’ అనే గూడ్సు బండి పాట కట్టింది. చచ్చిపోయాక కూడా ఆ బండి చప్పుడు వినబడాలని ఒక చిన్నపిల్ల కోరుకునే పాట అది. ఇరుగుపొరుగున ఒకావిడ తన మీద అబద్ధం చెప్పి తల్లి చేత శిక్ష వేయించినప్పుడు ఆ దుఃఖంలోంచి ఇంకో పాట పుట్టింది: ‘ఓ బేబ్, ఇట్ ఎయింట్ నో లై’.

చిన్న వయసులోనే పెళ్ళి, ఒక కూతురు. ఇలాంటి లౌకిక పాటలు మానమని చర్చిలో చెప్పారు. ఆమె మానేసింది. అంట్లు, బట్టలు, వంట, పరుల పిల్లలు... దశాబ్దాల పాటు గిటారు ఊసు లేదు. అయినా నన్ను దించిన ఆ రోజున పాటలు చేతుల్లోనే ఉన్నాయి. కొన్నాళ్ళు వేళ్ళు తడబడ్డాయి, తరవాత దారి గుర్తుపట్టాయి. ఒకప్పుడు ఎంతో శ్రద్ధగా నేర్చినది మనిషిని విడిచిపోదని ఆ చేతుల కింద ఉండి నేను తెలుసుకున్నాను.

ఆ ఇంట్లో జరిగినది తలచుకుంటే ఇప్పటికీ నా తీగలు బిగుసుకుంటాయి. ముందుగదిలో రూత్ గారు జానపదుల పాటలు ఎక్కడెక్కడి నుంచో తెప్పించి రాసుకుంటున్నారు. లోపల వంటగదిలో అలాంటి పాట కట్టిన మనిషి రొట్టెలు కాలుస్తోంది. రూత్ గారు 1953లో పోయారు. తరవాత పెగ్గీ ఇంగ్లండ్ వెళ్ళి లిబ్బా దగ్గర నేర్చుకున్న గూడ్సు బండి పాట అక్కడ పాడింది. అక్కడి కుర్రకారు దాన్ని అందుకున్నారు. జానపద పాటలను హుషారుగా వాయించే ‘స్కిఫిల్’ బృందం ఒకటి పాడిన రికార్డు 1957లో బ్రిటన్‌ను ఊపేసింది. ఆ పాట హక్కులు మాత్రం మరో ఇద్దరి పేర నమోదయ్యాయి. జానపద గీతం గదా, ఎవరిది అని అడిగేదేముంది అనే ధీమా. సీగర్ కుటుంబం పూనుకుని పోరాడాక గాని లిబ్బా పేరు ఆ పాట పక్కకు చేరలేదు.

ఆమె గొంతును, వేళ్ళను ఉన్నవి ఉన్నట్టు లోకానికి అందించినవాడు మైక్. టేపు రికార్డరు ఆమె ఇంటికే మోసుకెళ్ళి రికార్డు చేశాడు. 1958లో ఫోక్‌వేస్ సంస్థ ఆ ఆల్బమ్ విడుదల చేసింది. గిటారు నేర్చే కుర్రవాళ్ళు ఆ రికార్డును అరగదీశారు. 1960 ప్రాంతంలో, మైక్‌తో కలిసి స్వార్త్‌మోర్ కాలేజీలో ఆమె తొలి కచేరీ. అప్పటికి వయసు అరవై దాటింది. 1964లో న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవంలో వాయించింది. 1967లో వచ్చిన రెండో ఆల్బమ్‌లో ‘షేక్ షుగరీ’ అనే పాటను ఆమె మునిమనవరాలు బ్రెండా ఎవాన్స్ పాడింది. ఆ చరణాలు కట్టడంలో ఇంటి పిల్లలందరికీ చెయ్యుంది. కచేరీలు మొదలయ్యాక కూడా లిబ్బా చాలా ఏళ్ళు ఇళ్ళలో పని చేస్తూనే ఉంది. పాటలు తెచ్చిన డబ్బుతో 1978లో సిరక్యూస్ నగరంలో సొంత ఇల్లు ఏర్పడింది.

పీటర్, పాల్ అండ్ మేరీ ఆమె పాట పాడారు. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ బృందం పాడింది. ఈ తరంలో రయానన్ గిడెన్స్ పాడింది. 1984లో అమెరికా ప్రభుత్వం జానపద కళాకారులకిచ్చే నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్, మరుసటి ఏడాది గ్రామీ పురస్కారం, రెండూ తొంభై ఏళ్ళ లిబ్బా చేతికి వచ్చాయి. 1987 జూన్ 29న ఆమె కన్నుమూసింది. 2022లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆమెను ఆ సంగీతానికి పునాది వేసిన వారిలో చేర్చింది. కుడిచేతి వాటం విద్యార్థులు ఆమె వరసలు నేర్వాలంటే బొటనవేలి పని వేళ్ళకు, వేళ్ళ పని బొటనవేలికి మార్చుకోవాలి. ఒకప్పుడు తలకిందులన్న పద్ధతికి ఇప్పుడు లోకం తన చేతులు సరిచేసుకుంటోంది.

నేను చెప్పదలచిన మాట ఇదొక్కటే. ఎవరూ కట్టకుండా ఏ పాటా పుట్టదు. ‘కర్త తెలియదు’ అని పుస్తకాల్లో అచ్చయిన చాలా పాటల వెనక ఇల్లు ఊడ్చిన చేతులో, నాటు వేసిన చేతులో ఉన్నాయి. వాళ్ళు బతికుండగా ఎవరైనా అడిగి ఉంటే పేరు చెప్పి ఉండేవారు. లిబ్బాను అడిగినవాళ్ళున్నారు, అందుకే ఆమె పేరు మిగిలింది. మీ ఇంట పనిచేసే మనిషి ఏదైనా పాట కూనిరాగం తీస్తుంటే విని ఊరుకోకండి. దగ్గరికెళ్ళి, “ఈ పాట మీరు కట్టిందేనా?” అని అడగండి.