బుట్ట మన చేతికిచ్చిన మహానుభావుడు

మా రోజుల్లో వెచ్చాలకు వెళ్తే పని కొట్టువాడిది, కూర్చోవడం మనది. చీటీ ఇస్తే చాలు. శెట్టిగారు చదివి, "ఈ కందిపప్పు ఉడకదు, ఎల్లుండి కొత్త సరుకు దిగుతుంది, ఆగండి" అనేవారు. గుమాస్తా తూచి, పొట్లం కట్టి, పురికొస చుట్టేవాడు. బెల్లం మీద కొసరు వేయనిదే మా అమ్మ కొట్టు దిగేది కాదు. చేతిలో డబ్బు ఆడకపోతే పద్దు రాసుకునేవారు.

ఇప్పుడో? బండి మనమే తోసుకోవాలి. అరలన్నీ మనమే వెతుక్కోవాలి. చీమ తలకాయంత అక్షరాల్లో ఎక్స్‌పైరీ తేదీ మనమే చదువుకోవాలి. ఆఖరికి సంచి కూడా మనమే కొనుక్కోవాలి. గుమాస్తా పని మనచేత చేయించుకుని, జీతం ఇవ్వకపోగా బిల్లు చేతిలో పెడతారు!

దీనికో మూలపురుషుడున్నాడు. పేరు క్లారెన్స్ సాండర్స్. 1881లో అమెరికాలోని వర్జీనియాలో పుట్టి టెనసీలో పెరిగాడు. పద్నాలుగో ఏటికే బడి మాని కిరాణా కొట్టులో పనికి కుదిరాడు. తర్వాత టోకు సరుకుల సేల్స్‌మన్‌గా తిరుగుతూ, కొట్ల లాభమంతా గుమాస్తాల జీతాలకూ రాని అరువులకూ పోతోందని పసిగట్టాడు. 1916 సెప్టెంబరులో మెంఫిస్‌లో 'పిగ్లీ విగ్లీ' తెరిచాడు. లోపలికి తిరుగుడు గేటు, చేతికి బుట్ట, ప్రతి సరుకుకూ ధర చీటీ, బయటికెళ్లే చోట రొక్కం. అరువు మాటే లేదు. పైగా లోపల ఒక్కటే దారి. ఉప్పు కోసం వెళ్లినవాడు సైతం కొట్టంతా చూస్తేగానీ బయటపడడు. ఆ ఏర్పాటుకు 1917లో పేటెంటు కూడా పుచ్చుకున్నాడు. ఏడేళ్లు తిరిగేసరికి దుకాణాలు వెయ్యి దాటాయి.

మా వైపు వ్యాపారి చితికితే కరువు వల్లనో, అరువు వల్లనో చితికేవాడు. ఈయన పంతానికి పోయి చితికాడు. తన కంపెనీ షేరు పడుతుందని న్యూయార్క్‌లో కొందరు పందెం కాస్తే, కోటి డాలర్లు అప్పు తెచ్చి దొరికిన షేరల్లా కొన్నాడు. 1923 మార్చిలో ధర 124 డాలర్లకు ఎగబాకింది. స్టాక్ ఎక్స్ఛేంజీ వాళ్లు ఆ షేరు లావాదేవీలు ఆపేసి, పందెం ఓడిన వాళ్లకు షేర్లు అప్పగించే గడువు పెంచారు. ఈయనకు అప్పు మిగిలింది, కంపెనీ పోయింది. కట్టుకుంటున్న గులాబీ పాలరాతి మేడ పూర్తి కాకుండానే చేజారి, ఊరి మ్యూజియం అయింది.

అయినా ఊరుకున్నాడా? 1937లో 'కీడూజిల్' అని మరో కొట్టు పెట్టాడు. అద్దాల వెనక సరుకు, కొనేవాడి చేతిలో తాళంచెవి. ఏది కావాలో అక్కడ చెవి పెడితే యంత్రమే సరుకు చేరవేసేది. అది మాటిమాటికీ మొరాయించి మూతబడింది. 1953లో ఆయనా పోయాడు. మనచేత బుట్ట మోయించినవాడే చివరికి బుట్ట అక్కర్లేని కొట్టు కోసం తాపత్రయపడ్డాడు, చూశారా!

ఇప్పుడు పిల్లలు ఫోనులో నొక్కితే కుర్రాడు గుమ్మంలోకి తెస్తున్నాడు. ఇదేదో వింతైనట్టు మాకు చూపిస్తారు. మా కొట్టు కుర్రాడు సైకిలు మీద తెచ్చింది మరేమిటి? కాకపోతే వీళ్ల దగ్గర కొసరు లేదు, పప్పు ఉడకదని ముందే చెప్పే నోరు లేదు.

మీ వీధి చివర ఇంకా ఓ కిరాణా కొట్టు బతికుంటే ఈ నెల వెచ్చాల చీటీ అక్కడే ఇవ్వండి. రూపాయి ఎక్కువైనా ఫర్వాలేదు, సరుకు బాగాలేకపోతే తిట్టడానికి ఎదురుగా ఓ మనిషైనా ఉంటాడు.