డీజేకి తలూపే గుర్రం

ఆ రీలు మీరూ చూసే ఉంటారు. ఈ సీజన్లో గుడివాడ నుంచి అవనిగడ్డ దాకా ఏ పెళ్లికి వెళ్లినా అదే తంతు. ముందు డీజే బండి, వెనక తెల్లగుర్రం, దాని మీద నల్లకళ్లద్దాల పెళ్లికొడుకు. కింద ‘బీటుకు తలూపుతున్న గుర్రం’ అని రాత, పక్కన మూడు నవ్వు బొమ్మలు. మనవాళ్లకి సంగీతం మీద మక్కువ ఎక్కువై, గుర్రానికి కూడా అంటగట్టారు.

అయ్యా, అది తాళం కాదు, నొప్పి. ముందుకాలు బాధపెడుతున్న గుర్రం ఆ కాలు నేలకు ఆనగానే తల పైకెత్తుతుంది, బరువు పడకుండా. బాగున్న కాలు ఆనినప్పుడు తల దించుతుంది. అడుగడుక్కీ ఎత్తడం, దించడం. గుర్రం కుంటుతోందా అని చూసే వైద్యుడు ముందుగా వెతికే గుర్తు ఇదే. మనం దానికి లైకులు కొడుతున్నాం.

మర్నాటికి గుర్రం కాలు కింద పెట్టదు. ఇక విచారణ మొదలు. గుర్రం నాలుగు కాళ్ల మీద నిలబడే జంతువని, ఆ కాళ్ల కింద గిట్టలుంటాయని, కుంటితే ముందు అక్కడే చూడాలని ఎవరికీ తట్టదు. అమావాస్య అంటాడొకడు. మెడ మీద సుడి మంచిది కాదంటాడు ఇంకొకడు. అందరూ కలిసి ఒప్పుకునేది మాత్రం ఒక్కటే: దిష్టి.

ఈ దిష్టి సంగతి కాస్త మాట్లాడుకోవాలి. బందరులో మా వీధి చివర పెళ్లిలో నా కళ్లతో చూశాను. నిమ్మకాయ కోసి, కుంకుమ అద్ది, కుంటే కాలి చుట్టూ మూడుసార్లు తిప్పారు. అంతవరకూ నిమ్మకాయ ఖర్చే కదా అని ఊరుకున్నాను. తర్వాత ఆ చెక్కల్ని ఆ కాలితోనే తొక్కించాలన్నారు. నిలబడ్డ గుర్రం బరువులో నూటికి అరవై పాళ్లు ముందుకాళ్లే మోస్తాయి. నొప్పెట్టే ఆ కాలినే నలుగురు పట్టుకుని నిమ్మచెక్క మీద అదిమారు. గుర్రం వెనక్కి తన్నుకుంటే ‘చూశారా, దిష్టి వదుల్తోంది’ అన్నాడు పెద్దాయన.

అసలు చోద్యం నల్లతాడు. గిట్టకి కాస్త పైన, సన్నగా ఉండే చోట బిగించి కట్టిన దిష్టితాడు. రోజూ కాలు వాస్తుంటే తాడు వదులు చేయాలని తోచలేదు. తాడు చర్మంలోకి దిగింది. చుట్టూ పచ్చిపుండు, దాని మీద ఈగలు, ఈగలు వాలకుండా పసుపు. ‘వాపు పైకి పాకకుండా తాడే ఆపింది’ అన్నాడు గుర్రం యజమాని, సగర్వంగా. మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టడం విన్నాం. అక్కడ ముడి నిజంగానే వేసి, అది తెగకుండా కాపలా కాస్తున్నారు.

ఎవరి దిష్టి అని అడిగాను. ఆడపెళ్లివారిదట. రెండు వైపులా చిన్న గొడవ కూడా అయింది. ఆ గొడవ సద్దుమణిగేదాకా గుర్రం గిట్ట ఎవరూ ఎత్తలేదు.

ఎత్తి ఉంటే ఏం కనిపించేది? ఉన్నట్టుండి కాలు ఆనించలేనంతగా కుంటిందంటే చాలాసార్లు కారణం గిట్టలో చీము. షామియానా మేకో, నాడా కొట్టేటప్పుడు కాస్త లోపలికి పోయిన శీలో దిగిన చోట చీము పడుతుంది. గిట్ట పైపొర గట్టిది, సాగదు. లోపల ఒత్తిడి పెరిగితే పోయే దారి లేదు. రెండు గిట్టల మీద చెయ్యి వేసి చూడండి, ఒకటి వేడిగా ఉంటుంది. గిట్టకి పైన, కాలి వెనకవైపు వేళ్లు పెడితే నాడి గట్టిగా కొట్టుకుంటుంది. అడుగుభాగం శుభ్రం చేస్తే ఎక్కడో నల్లచుక్క. డాక్టరు అక్కడ చెక్కితే చీము బయటికొస్తుంది, చాలా గుర్రాలకు త్వరలోనే హాయి కలుగుతుంది. ధనుర్వాతం సూది తప్పనిసరి, ఆ జబ్బు గుర్రాన్ని పట్టినంత సులువుగా చాలా జంతువులను పట్టదు.

ఇంకొకటి, మన మర్యాదలు తెచ్చే జబ్బు. వచ్చినవాళ్లంతా గుర్రం నోట్లో బందరు లడ్డూ పెడతారు, దోసిళ్లతో ధాన్యం పోస్తారు. ఒక్కసారిగా అంత పిండిపదార్థం పడితే గిట్టలోపలి పొరలు వాచి ఎముక నుంచి విడిపోతాయి. అప్పుడది ముందుకాళ్లు చాచి, బరువంతా వెనక్కి వేసి నిలబడుతుంది. ‘ఎంత ఠీవిగా నిలబడిందో’ అని సెల్ఫీలు దిగుతాం.

కుంటే కాలికి వాతలు పెట్టేవాళ్ల గురించి ఒక్క మాట. కాల్చిన ఇనుముతో స్నాయువు బాగుపడదని 1983లోనే బ్రిటన్ పరిశోధకులు తేల్చారు.

ఇక నవ్వడం నా వల్ల కాదు. కుంటుతోందని తెలిసీ, నొప్పి తెలియకుండా సూది వేయించి, ఆ రాత్రే ఇంకో పెళ్లికి తోలేవాళ్లున్నారు. సూది గాయాన్ని మాన్పదు, నొప్పిని దాస్తుంది. నొప్పి తెలియని గుర్రం చీలిన గిట్ట మీదే పూర్తి బరువు వేస్తుంది. అడ్వాన్సు తీసుకున్నానంటాడు యజమాని. ముహూర్తం దాటుతుందంటారు పెళ్లివారు. సిగ్గుండాలి ఇద్దరికీ.

ఇది కొత్త పాపం కాదు. మన మోటుపల్లి రేవు గురించి రాసిన మార్కో పోలోనే, పాండ్యదేశానికి ఓడల్లో దిగే గుర్రాలు చూసేవాళ్లు లేక చచ్చేవనీ రాశాడు. గుర్రాల వైద్యం తెలిసినవాణ్ణి వర్తకులే ఇటు రానిచ్చేవారు కాదట. పాతది చస్తేనే కదా కొత్తది అమ్ముడయ్యేది. ఆ వర్తకులకి కనీసం లాభం ఉంది. మనకేముంది, రీలు తప్ప?

వైద్యుడు దొరకడన్న సాకు కూడా మనకు లేదు. గన్నవరంలో పశువైద్య కళాశాల 1998 నుంచీ ఉంది. 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య బండి వస్తుంది. నిమ్మకాయల బేరానికి పట్టినంత సేపు కూడా పట్టదు ఆ ఫోనుకి.

చట్టం కూడా ఉంది. గాయమో జబ్బో ఉన్న జంతువుతో పని చేయించడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం. మొదటిసారి దొరికితే జరిమానా పది రూపాయలకు తగ్గకూడదు, యాభైకి మించకూడదు. ఆ యాభైతో డీజేవాడు ఒక పాట కూడా వేయడు.