సిలబస్‌లో సర్వర్‌కి ఓటు లేదు

అమీర్‌పేట మైత్రీవనం పక్క సందుల్లో సిలబస్ ఎలా తయారవుతుందో విశ్వవిద్యాలయాల వాళ్లు ఒకసారి వచ్చి చూసి వెళ్లాలి. అక్కడ అకడమిక్ కౌన్సిల్ ఉండదు, బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఉండదు. ఫ్లెక్సీ డిజైన్ చేసే కుర్రాడు ఉంటాడు. "సార్, కింద ఇంకో లైనుకి చోటు మిగిలింది, ఏమన్నా వేయమంటారా?" అని అడుగుతాడు. ఓనర్ ఒక్క క్షణం ఆలోచించి "కుబర్నెటీస్ వెయ్యి" అంటాడు. సోమవారం నుంచి కుబర్నెటీస్ సిలబస్‌లోకి వచ్చేస్తుంది. చెప్పే మనిషిని ఆదివారం వెతుక్కుంటారు.

ఒకప్పుడు ఆ బోర్డు మీద యూనిక్స్ అని ఉండేది. తర్వాత లైనక్స్ అడ్మిన్ అయింది. 2009లో బెల్జియంలోని ఘెంట్ నగరంలో జరిగిన ఒక సదస్సుతో డెవాప్స్ అనే పేరు జనంలోకి వచ్చింది. అది మన సందుల దాకా రావడానికి కొన్నేళ్లు పట్టింది గానీ, వచ్చాక లైనక్స్‌ని నడింట్లోంచి వసారాలోకి మార్చేసింది. ఇప్పుడు దాన్ని "బేసిక్స్" అంటున్నారు. మూడు క్లాసులు. అదే గది, అదే ప్రొజెక్టర్, చెప్పేది కూడా అదే సారు. ఫీజు మాత్రం వేరు. డాకర్ కంటెయినర్ అంటే లైనక్స్ కెర్నెల్లో ఉన్న నేమ్‌స్పేస్‌లు, సీగ్రూపులు వాడుకుని విడిగా కూర్చోబెట్టిన ప్రాసెస్. అసలు ప్రాసెస్ అంటే ఏమిటో నాలుగో క్లాసులో చెబుతారు. బేసిక్స్ మూడింటితోనే అయిపోతాయి కాబట్టి ఆ ఇబ్బంది ఎవరికీ రాదు.

టాపిక్స్ ఎంచుకునే మీటింగ్ ఒకటి ఊహించుకోండి. పెద్దగా శ్రమ పడక్కర్లేదు. ఓనరు, అడ్మిషన్లు చూసే కౌన్సెలర్ మేడమ్, ట్రైనర్ సారు, ఎక్కడో డేటా సెంటర్లో నైట్ షిఫ్టులు చేసి చేసి రిటైరైన ఒక పెద్దాయన. టీలు వచ్చాయి.

"స్టూడెంట్స్ ఇంటర్వ్యూ క్వశ్చన్సే అడుగుతున్నారండీ" అని మేడమ్ మొదలుపెట్టింది. "రన్‌లెవెల్స్ తప్పకుండా ఉండాలి."

రన్‌లెవెల్స్ ఏడు, సున్నా నుంచి ఆరు దాకా. ఈ సందులో టీ కొట్టువాడిని అడిగినా చెబుతాడు. 2014లో వచ్చిన రెడ్ హ్యాట్ 7తోనే సిస్టమ్‌డీ రాజ్యం మొదలై, రన్‌లెవెల్స్ అనేవి టార్గెట్లకు పాత పేర్లుగా మాత్రం మిగిలాయి. అయినా ఏం లాభం? ఇంటర్వ్యూ చేసేవాడు కూడా ఈ సందులోనే చదువుకున్నాడు. తనని ఏం అడిగారో అదే అడుగుతాడు. ఆ ప్రశ్న అడుగుతారని వీళ్లు చెబుతారు, వీళ్లు చెబుతున్నారని వాళ్లు అడుగుతారు. మధ్యలో సర్వర్ తన మానాన తాను మారిపోయింది.

"రూట్ పాస్‌వర్డ్ బ్రేక్ చేయడం?" అన్నాడు ఓనరు.

"అది లేకపోతే డెమోకి జనం రారు సార్" అన్నాడు ట్రైనర్. బూట్ అవుతుండగా ఆపి, గ్రబ్‌లో ఒక మాట చేర్చి, పాస్‌వర్డ్ మార్చేస్తే వెనక బెంచీల్లోంచి ఈలలు పడతాయి. కీ ఫైలుతో లాగిన్ అయ్యే క్లౌడ్ మెషిన్ల కాలంలో ఈ విద్య ఎందరికి అక్కరకొస్తుందన్నది వేరే సంగతి. రెడ్ హ్యాట్ వాళ్ల ఆర్‌హెచ్‌సీఎస్ఏ పరీక్షకి పనికొస్తుంది కదా అంటారు. నిజం చెప్పాలంటే ఆ పరీక్షను తప్పుపట్టడానికి లేదు. బిట్లు పెట్టడం ఉండదు, మెషిన్ మీద చేసి చూపించాలి, పైగా రీబూట్ చేశాక కూడా చేసిన పని నిలవాలి. అంత ముక్కుసూటి పరీక్షకి కూడా జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్ పుస్తకం కనిపెట్టిన ఘనత మనది.

ఎస్ఈ లైనక్స్‌కి చర్చే జరగలేదు. దానికి మొదటి రోజే న్యాయం చేస్తారు. "సార్, ఎస్ఈ లైనక్స్ అంటే ఏమిటి?" "ఆపేసేది." అంతటితో చాప్టర్ పూర్తి. ఫైలు తెరుచుకోకపోతే సీహెచ్‌మోడ్ 777 కొట్టడం రెండో రోజు పాఠం. ఊళ్లోవాళ్లందరికీ చదివే, రాసే, నడిపే హక్కులు ఇచ్చేశాక సెక్యూరిటీ మాడ్యూల్ విడిగా చెప్పాల్సిన పని ఏముంటుంది? అయినా చెబుతారు, డెవ్‌సెక్‌ఆప్స్ అనే పేరుతో, అదనపు ఫీజుకి.

ఇంతసేపూ పెద్దాయన టీ తాగుతూనే ఉన్నాడు. గ్లాసు కింద పెట్టి, "ఏదన్నా కంపెనీ నుంచి గత ఏడాది టికెట్లు తెప్పించండి. రాత్రిపూట ఫోన్ ఎందుకు మోగిందో చూసి, వాటినే టాపిక్స్‌గా పెడదాం" అన్నాడు.

"అంటే ఏముంటాయి సార్ అందులో?"

"డిస్క్ నిండిపోవడం. సర్టిఫికెట్ గడువు తీరిపోవడం. డీఎన్ఎస్. గడియారం తేడా రావడం. బ్యాకప్ తీశామనుకోవడం."

ఓనర్ పెన్ను మూత పెట్టేశాడు. వీటిలో ఒక్కటీ ఫ్లెక్సీ మీదికి ఎక్కేది కాదు. అయినా పెద్దమనిషి మాట కదా అని, "బ్యాకప్ ఎలాగూ ఆటోమేటిక్కే కదా సార్, దానికి క్లాసెందుకు?" అన్నాడు.

పెద్దాయన గిట్‌ల్యాబ్ కథ ఎత్తుకున్నాడు. 2017 జనవరి 31. డేటాబేస్ రెప్లికేషన్ మొరాయిస్తోంది. రాత్రి పొద్దుపోయాక ఒక ఇంజినీరు రెండో సర్వర్లో డేటా డైరెక్టరీ ఖాళీ చేద్దామనుకుని అసలు సర్వర్లో ఆ కమాండ్ కొట్టాడు. తేరుకుని ఆపేసరికి సుమారు 300 జీబీలో నాలుగున్నర జీబీ మిగిలింది. సరే, బ్యాకప్‌లు ఉన్నాయిగా అని అటు తిరిగారు. డేటాబేస్ డంప్ చాన్నాళ్లుగా ఫెయిలవుతోంది. సర్వర్ ఒక వెర్షను, డంప్ తీసే టూల్ ఇంకో వెర్షను. ఆ డంప్‌లు చేరాల్సిన క్లౌడ్ బకెట్ ఖాళీ. ఫెయిలైనప్పుడల్లా ఈమెయిల్ వెళ్తూనే ఉంది, కానీ ఆ మెయిల్‌ని అందుకోవాల్సిన సర్వరే దాన్ని తిరస్కరిస్తోంది. ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లలో ఏదీ సమయానికి నిలబడలేదు. చివరికి ఎవరో ఇంకేదో పని కోసం ఆరు గంటల ముందు చేత్తో తీసుకున్న స్నాప్‌షాట్ కాపాడింది. వాళ్ల మర్యాద ఎంతటిదంటే, రీస్టోర్ చేస్తున్నంతసేపూ యూట్యూబ్‌లో లైవ్ పెట్టి, తర్వాత తప్పులన్నీ పూసగుచ్చినట్టు రాసి అందరి ముందూ పెట్టారు. సిలబస్ కావాలంటే అదే సిలబస్, అదీ ఉచితంగా.

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత ఓనర్ అడిగాడు: "బాగుంది సార్. మరి రీస్టోర్ ఇంజినీర్ అని నౌక్రీలో ఓపెనింగ్స్ ఉన్నాయా?"

లేవు. ఇంకో చిక్కు కూడా ఉంది. రీస్టోర్ నేర్పాలంటే ముందు దేన్నో ఒకదాన్ని పాడు చేయాలి. మన ల్యాబుల్లో పాడైన మెషిన్ ఉండదు. ఉదయం కొత్తగా పుట్టిస్తారు, ఏసీ గదిలో గంట ఆడిస్తారు, క్లాసవగానే చెరిపేస్తారు. దాని డిస్క్ నిండేంత ఆయుష్షు దానికి ఉండదు. పర్మిషన్లు చెడిపోయినవి, లాగ్‌లు వాచిపోయినవి, ఎవడు పెట్టాడో తెలియని క్రాన్ జాబులు మోస్తున్నవి, అలాంటి ముసలి సర్వర్లు నాలుగు కొని ల్యాబులో పెట్టిన ఇన్‌స్టిట్యూట్ ఏదన్నా ఉంటే నేనే వెళ్లి చేరతాను.

పెద్దాయన ఆఖరి ప్రయత్నంగా, "గమనించడం అని ఒక క్లాసు పెడదాం" అన్నాడు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే డెవలపర్‌కి ఎస్ఎస్‌హెచ్ లాగిన్ మామూలు కన్నా అర సెకను ఆలస్యమవుతోందని అనుమానం వచ్చింది. ఆ తీగ లాగితే ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీలో ఎవరో ఓపిగ్గా దూర్చిన దొంగదారి బయటపడింది. పెద్ద పెద్ద డిస్ట్రిబ్యూషన్ల స్టేబుల్ వెర్షన్లలోకి చేరకముందే దొరికిపోయింది.

"అర సెకనుకి గంట క్లాసా సార్?" అంది మేడమ్. చివరికి మీటింగులో తేలింది ఇది: రన్‌లెవెల్స్ ఉంటాయి, రూట్ పాస్‌వర్డ్ ఉంటుంది, ఫ్లెక్సీలో చివరి లైనుగా "విత్ ఏఐ" చేరుతుంది.

సోమవారం ఉదయం ఏడు గంటల బ్యాచ్. డెమో ఉచితం కాబట్టి గది కిక్కిరిసింది. సారు బోర్డు మీద సున్నా నుంచి ఆరు దాకా అంకెలు వేస్తుండగా ఫోన్ మోగింది. న్యూజెర్సీ నంబరు. రెండేళ్ల కిందటి స్టూడెంటు, అక్కడ రాత్రి తొమ్మిదిన్నర. సారు మార్కర్ జేబులో పెట్టుకుని వరండాలోకి వచ్చాడు.

"అన్నా, ప్రొడక్షన్ డిస్క్ నూరు శాతం అయిపోయింది. ముప్పై జీబీ లాగ్ ఫైల్ ఉంటే డిలీట్ చేసిన. ఎల్ఎస్ కొడితే ఫైల్ లేదు. డీఎఫ్ చూస్తే ఇంకా నూరే ఉంది!"

"ఆ లాగ్ రాసే జావా ఇంకా నడుస్తుందా?"

"నడుస్తుంది అన్నా."

"మరి అదేరా. నువ్వు తీసేసింది పేరునే. ఫైల్‌ని జావా పట్టుకునే కూర్చుంది, అది వదిలేదాకా జాగా రాదు. ఎల్‌ఎస్‌ఓఎఫ్ కొట్టి డిలీటెడ్ అని ఉన్నది వెతుకు. పర్మిషన్ తీసుకుని సర్వీస్ రీస్టార్ట్ చెయ్. ఈసారి లాగ్‌ని డిలీట్ చేయకు, ఖాళీ చెయ్."

నిమిషం తర్వాత అవతలినుంచి ఊపిరి పీల్చుకున్న శబ్దం. "యాభై రెండుకి దిగింది అన్నా. జాబ్ సపోర్ట్ పైసలు ఇప్పుడే కొడుతున్న."

పక్కనే నిలబడి అంతా విన్న పెద్దాయన, "ఈ ముక్క లోపల వాళ్లకి చెప్పవేమయ్యా?" అన్నాడు.

సారు ఓనర్ గదివైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అన్నాడు: "క్లాసులోనే చెప్పేస్తే రేపు ఫోన్ ఎవడు చేస్తాడు సార్?"