గడువు మాస్టారు

సాఫ్ట్‌వేర్ కొలువుల చలవతో హైదరాబాద్ పడమటి దిక్కున పెరిగిన పేటల్లో మియాపూర్‌ది ఒక ప్రత్యేక స్థానం. మాదాపూర్, కొండాపూర్ అద్దెలు భరించలేనివారితో పాటు, భరించగలిగినా అంత పోయడం దండుగని లెక్క తేల్చుకున్నవారు కూడా ఇక్కడే కాపురం పెడతారు. ఈ రెండో కోవలో, చిప్‌లు రూపొందించే సంస్థల్లో పనిచేస్తూ, ఆపరేటింగ్ సిస్టమ్‌కు అట్టడుగున ఉండి యంత్రంతో నేరుగా వ్యవహరించే కెర్నెల్ అనే భాగానికి కోడ్ రాసే ఒక తరహా మనిషి తప్పక కనిపిస్తాడు. వయసు నలభై దాటి ఉంటుంది, మెడలో ఐడీ కార్డు ఆదివారం నాడు కూడా వేలాడుతుంది, మాట మధ్యలో చూపు చేతి గడియారం మీదికి పోతుంది. తోటివారు అతన్ని 'గడువు మాస్టారు' అంటారు. పాఠాలు చెప్పడం అతని ఉద్యోగం కాకపోయినా, కొత్తగా చేరిన ఏ కుర్రవాడూ అతని పాఠం వినకుండా మొదటి వారం గట్టెక్కలేడు.

కెర్నెల్ ఒక పరికరానికి పని పురమాయించాక అది అయిందో లేదో తెలుసుకోవడానికి రెండు దారులున్నాయన్నది ఆ పాఠానికి ఉపోద్ఘాతం. పని కాగానే పరికరమే సంకేతం పంపి పిలిస్తే దాన్ని ఇంటరప్ట్ అంటారు. అందాకా ప్రాసెసర్ వేరే పనులు చక్కబెట్టుకోవచ్చు. అలా కాక, పరికరంలోని రిజిస్టర్ అనే చిన్న గడిలో ఫలానా బిట్ సున్నా నుంచి ఒకటికి మారిందా అని ప్రాసెసర్ మరే పనీ పెట్టుకోకుండా ఒక లూప్‌లో తిరుగుతూ మళ్లీ మళ్లీ చదువుతుంటే అది బిజీ వెయిట్. మొదటిది ఎమ్మార్వో ఆఫీసులో ఫోన్ నంబరు ఇచ్చి ఇంటికి వెళ్లడం లాంటిదైతే, రెండోది కిటికీ దగ్గరే నిలబడి 'సారొచ్చారా, సారొచ్చారా' అని అడుగుతూ ఉండడం లాంటిది. చూడడానికి మోటుగా ఉన్నా, పని కొద్ది మైక్రోసెకన్లలో, అంటే సెకనులో పదిలక్షల వంతులు కొన్నిటిలో, తెమిలేదైతే ఈ రెండో పద్ధతే లాభసాటి, ఎందుకంటే ఇంటరప్ట్ రాకపోకలకయ్యే కాలం అంతకన్నా ఎక్కువ. చిక్కల్లా సారు ఆ రోజు సెలవు పెట్టినప్పుడే.

సెలవు సంగతి చెప్పేవారు లేరు గనుక ఆ ప్రాసెసర్ అడుగుతూనే ఉంటుంది. లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్‌లో ఇలాంటివాటిని కనిపెట్టే కాపలాదారు ఒకటి ఉండి, ఏ ప్రాసెసరైనా ఇతర పనులకు చోటివ్వకుండా మామూలు అమరికలో 20 సెకన్లు మించి కెర్నెల్‌లోనే ఉండిపోతే సాఫ్ట్ లాకప్ అని కేక పెడుతుంది. ఫలానా ప్రాసెసర్ 22 సెకన్లుగా ఇరుక్కుపోయిందని తెర మీద కనిపించే ఆ వాక్యం ఈ వృత్తిలో అందరికీ కంఠస్థం. ఆ వాక్యం కనబడ్డ రోజు మాస్టారు ముఖంలో విచారం ఉండవలసిన చోట ఒక తృప్తి ఉంటుంది. "ఆ బిట్ మూడు మైక్రోసెకన్లలో వస్తుందని స్పెసిఫికేషన్‌లో రాసుంది కదా సార్" అని కుర్రవాడు నసిగితే, "రాసినాయన మంచివాడే నాన్నా, రాకపోతే ఆయన వస్తాడా?" అని అడుగుతాడు. ఆ వెంటనే తన బ్రహ్మాస్త్రం తీస్తాడు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ మార్గంలో తగిలించిన కార్డు ఊడిపోయినా, చచ్చిపోయినా, దాని రిజిస్టర్‌ను చదివితే సాధారణంగా జవాబు రాకుండా పోదు. బిట్లన్నీ ఒకట్లై వస్తాయి. అంటే చచ్చిన పరికరం మౌనంగా ఉండక, అడిగిన ప్రతిదానికీ ఔనని తల ఊపుతుంది. 'పనిలో ఉన్నాను' అనే బిట్ సున్నా అయ్యేదాకా ఆగుదామని లూప్ రాసినవాడికి ఆ శవం ప్రళయకాలం దాకా పనిలోనే ఉన్నట్టు కనిపిస్తుంది.

ఇంతవరకు మాస్టారు చెప్పినదానిలో తప్పు పట్టవలసింది లేదు. అయితే కెర్నెల్‌కు పనికొచ్చిన నియమాన్ని అతడు లోకానికంతా విస్తరిస్తాడు. అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌కు నలభై సెకన్లు, ఇడ్లీ బండికి ఆరు నిమిషాలు, ఫోన్లో 'మీ కాల్ మాకు ముఖ్యం' అనే గొంతుకు మూడు నిమిషాలు గడువు. అది తీరితే మరో క్షణం నిలబడకుండా కదిలిపోతాడు. మెట్రో అంటే అతనికున్న భక్తికి కూడా ఇదే మూలం. మియాపూర్ స్టేషన్ 2017 నవంబరులోనే తెరుచుకున్నా, అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి రైలు 2019 మార్చిలో గానీ రాలేదు. నాటి నుంచీ అతడు హఫీజ్‌పేట, కొత్తగూడ మీదుగా ఉన్న దగ్గరి దారి వదిలి, అమీర్‌పేట దాకా వెళ్లి, రైలు మారి, వెనక్కి వస్తాడు. దూరం ఎక్కువే గదా అంటే, దగ్గరి దారికి గరిష్ఠ పరిమితి లేదంటాడు. కొత్తగూడ కూడలి చూసినవారు ఈ వాదాన్ని తోసిపుచ్చలేరు.

గడువు ఎంత పెట్టాలన్నది ఈ శాస్త్రంలో రసవత్తరమైన ఘట్టం. వెనకటి తరం డ్రైవర్లలో, అంటే పరికరాలను నడిపే కెర్నెల్ కోడ్‌లో, కాలాన్ని కొలవకుండా పదివేల సార్లు తిరిగి ఆపమని రాసేవారు. ప్రాసెసర్ వేగం పెరిగిన కొద్దీ ఆ పదివేల చుట్లూ చిటికెలో అయిపోయి, పరికరం కళ్లు తెరవకముందే గడువు తీరేది. చుట్లను నమ్ముకోవడం ఎంత ప్రమాదమో చెప్పడానికి మాస్టారు విండోస్ 95 కథ ఎత్తుకుంటాడు: ఆ వ్యవస్థలో ప్రాసెసర్ వేగాన్ని అంచనా కట్టే లూప్ ఒకటి, ఏఎమ్‌డీ వారి కే6-2 ప్రాసెసర్ 350 మెగాహెర్ట్జ్‌కు చేరేసరికి, పట్టిన కాలం సున్నా అని తేలేంత వేగంగా ముగిసింది, ఆ సున్నాతో భాగించబోయి యంత్రం కూలబడింది. అందుకని గడియారాన్నే నమ్మాలంటాడు. గడియారమూ పూర్తిగా నమ్మదగినది కాదు. జిఫ్ఫీలు అనే టిక్కులను లైనక్స్ సెకనుకు వెయ్యి చొప్పున లెక్కించే 32 బిట్ల యంత్రంలో, ఆ లెక్క సుమారు 49 రోజుల 17 గంటలకు నిండి మళ్లీ సున్నాకు వస్తుంది. పెద్ద అంకె వెనుక చిన్న అంకె వచ్చేసరికి, గడువును అజాగ్రత్తగా పోల్చిన కోడ్ తబ్బిబ్బవుతుంది. ఈ తప్పు యాభై రోజులకు ఎక్కడో పరాయి ఊళ్లో బయటపడకుండా, లైనక్స్ రచయితలు లెక్కను కావాలనే చివరి దగ్గర మొదలుపెట్టి, యంత్రం లేచిన ఐదు నిమిషాలకే అది సున్నా దాటేలా చేశారు. మాస్టారుకు ఇది వేదవాక్యం. అద్దెకు ఫ్లాటు చూడడానికి వెళ్లినా మొదటి ఐదు నిమిషాల్లోనే కొళాయిలన్నీ ఒక్కసారిగా తిప్పి, గీజర్లన్నీ వేసి, ఓనరుగారి బీపీ కూడా ఎంతవరకు పోతుందో చూసేస్తాడు.

అతని వృత్తి నైపుణ్యానికి నిజంగా నమస్కరించవలసిన చోటు ఇంకొకటుంది. లూప్ తిరుగుతుండగా మధ్యలో మరేదో పని వచ్చి ప్రాసెసర్‌ను లాక్కుపోవచ్చు. తిరిగి వచ్చేసరికి గడువు దాటిపోయి ఉంటుంది, కానీ ఆ లోగా పరికరం తన పని ముగించి కూర్చునీ ఉంటుంది. గడియారం ఒక్కటే చూసినవాడు పని కాలేదని తీర్పు చెబుతాడు. మాస్టారు మాత్రం గడువు తీరాక కూడా బిట్‌ను చివరిసారి చదివి, అప్పుడే ఓటమి ఒప్పుకుంటాడు. మియాపూర్ స్టాపులో 218 బస్సు కోసం పెట్టుకున్న పది నిమిషాలూ అయ్యాక నాలుగడుగులు వేసి, ఆగి, పటాన్‌చెరు వైపు ఒక్కసారి తల తిప్పి చూసే మనిషి ఎవరైనా కనబడితే అది అతడే.

ఇంతటివాడూ తడబడేది, గడువు తీరాక ఏమి చేయాలన్న దగ్గర. కెర్నెల్‌లో గడువు తీరిందనడానికి మైనస్ 110 అనే సంఖ్యను తిప్పి పంపుతారు. పంపడం ఒక్క వరుస కోడ్. ఆ కబురు అందుకున్నవాడికి దానితో ఏం చేసుకోవాలో తెలియకపోతే, ఇరుక్కుపోయిన యంత్రానికి బదులు తప్పుదారి పట్టిన యంత్రం మిగులుతుంది. ముఖ్యంగా ప్రాసెసర్ ప్రమేయం లేకుండా పరికరమే మెమరీలోకి సరాసరి రాసే డీఎంఏ పద్ధతిలో, గడువు తీరిందని కెర్నెల్ ఆ మెమరీని ఇంకొకరికి ఇచ్చేశాక, ఆలస్యంగా మేల్కొన్న పరికరం పాత చిరునామాలోనే రాసి పరుల సొత్తు పాడుచేస్తుంది. పరికరాన్ని ముందు నిజంగా ఆపి, ఆగిందని రూఢి చేసుకుని, ఆ తరువాతే మెమరీ విడిచిపెట్టాలి. ఇది మాస్టారుకు తెలియక కాదు. అయినా వాన పడుతున్న సాయంత్రం ఆల్విన్ చౌరస్తాలో ఎనిమిది నిమిషాలు చూసి, బుక్ చేసిన క్యాబ్ రద్దవకముందే ఇంకొకటి బుక్ చేస్తాడు. రెండూ ఒకేసారి వచ్చి ఒకదాని వెనుక ఒకటి ఆగుతాయి, ఇద్దరు డ్రైవర్లూ ఓటీపీ అడుగుతారు, వెనుక ఆర్టీసీ బస్సు హారన్ మోగిస్తుంది.

ఇంట్లో ఈ లోపాన్ని ఏనాడో పసిగట్టినది అతని భార్య. గోధుమలిచ్చి పిండి మరకు పంపితే, పదిహేను నిమిషాలు చూసి సంచీతో సహా తిరిగివచ్చి, "ఇంక లాభం లేదని వచ్చేశాను" అంటాడు. "వచ్చేశారు సరేనండీ, రేపు పొద్దున చపాతీలకు ఆ గడువు పిసకమంటారా?" అని ఆవిడ అడుగుతుంది. సమీక్షకు వచ్చిన ప్యాచ్‌లలో, అంటే కోడ్‌కు ప్రతిపాదించే సవరణల్లో, ఇంతకన్నా పదునైన ప్రశ్న అతనికి ఎదురుకాదు.

అతడు జన్మలో క్షమించలేనిది సున్నాను. బిట్ కోసం ఆగడానికి లైనక్స్‌లో అందరూ వాడే రీడ్‌ఎల్ పోల్ టైమౌట్ అనే సాధనానికి గడువు సున్నా అని ఇస్తే, వెంటనే విరమించుకోమని కాదు, ఎన్నటికీ విరమించవద్దని అర్థం. కోలుకోలేని దెబ్బ తగిలి కెర్నెల్ చేతులెత్తేసే పానిక్ స్థితిలోనూ ఇదే సంప్రదాయం: అమరికలో సున్నా ఉంటే యంత్రం ఆ చివరి సందేశాన్ని తెర మీద నిలిపి అలాగే ఉండిపోతుంది, అంతకన్నా పెద్ద అంకె ఉంటే అన్ని సెకన్లు ఆగి మళ్లీ మొదలవుతుంది. మాస్టారు తన ల్యాబులోని బోర్డులన్నిటికీ పది పెట్టి ఉంచుతాడు. బోర్డు కూలినప్పుడల్లా కుర్రవాళ్లు సెల్‌ఫోన్ తీసి, లాక్ విప్పి, కెమెరా తెరిచి, ఆ సందేశాన్ని ఫొటో తీయబోయేసరికి పది సెకన్లూ నిండి తెర నల్లబడుతుంది, కారణం చెప్పగల ఏకైక సాక్ష్యం దానితోనే పోతుంది. ఫిర్యాదు విని మాస్టారు చాలాసేపు ఆలోచించి పదిని పన్నెండు చేస్తాడు. అతడు టీకి వెళ్లాక కుర్రవాళ్లు సున్నా పెట్టుకుని పని కానిచ్చుకుంటారు.