చాల్‌లో పాత టెలిస్కోపు: తప్పక పాటించాల్సిన సలహాలు

కామాటిపురా వాళ్లకు టెలిస్కోపు కోసం దూరం పోయే పనే లేదు, చోర్ బజార్ నడిచిపోయేంత దగ్గర. మటన్ స్ట్రీట్‌లో ఇత్తడి గొట్టం తళతళలాడితే చాలు, కొనేయండి. లోపల కటకం ఉందా లేదా అని తొంగి చూడటం బేరం తెలియనివాళ్ల పని. డబ్బా మీద ‘500 రెట్లు’ అని ఉంటే ఇంకా మేలు. 60 మిల్లీమీటర్ల కటకంతో 120 రెట్లు దాటితే మసకే తప్ప ఏమీ కనబడదని ఎవరో ఒకరు అంటారు. అసూయ.

నేర్పేవాళ్ల జోలికి పోవద్దు. 1901లో నిజామియా వేధశాల వెలిసింది హైదరాబాద్‌లోనే కదా! ఆ నైజాం నుంచే కూలికొచ్చి ఈ ఊరిని కట్టిన కామాటీల మునిమనవలం, మనకు ఒకరు చెప్పాలా? అద్దం వెనక మూడు మరలు కనబడితే మూడూ తిప్పండి, ఊరికే ఎందుకు పెడతారు?

అద్దం మీద దుమ్ము కనబడిందా, లుంగీ కొసతో గట్టిగా రుద్దండి. పైన పూసిన అల్యూమినియం పొర వెంట్రుక కంటే కొన్ని వందల రెట్లు పలచన. నాలుగు రుద్దులకు అదీ పోతుంది, దుమ్ము పట్టినా బాధ ఉండదు.

జూన్‌లో తడిగుడ్డతో తుడిచి, ప్లాస్టిక్ సంచిలో బిర్రుగా కట్టి అటకెక్కించండి. దసరాకు దించేసరికి కటకం లోపల బూజు అల్లుకుని ఎటు తిప్పినా నెబ్యులాయే! సిలికా జెల్ పొట్లాలు పెట్టే చాదస్తులకు ఆ భాగ్యమెక్కడిది?

స్టాండు గ్యాలరీలోనే, చెక్క పలకల మీద పెట్టండి. పక్క గది అత్త నీళ్ల బకెట్ మోసుకుంటూ నడిచినప్పుడల్లా గురుడు నాలుగు చందమామలతో సహా గంతేస్తాడు. లోకల్ రైలెక్కి వాంగణి దాకా పోయి, ఖగోళ్ మండల్ వాళ్లతో రాత్రంతా చీకట్లో కూర్చుంటే ఆ గంతులు చూడగలరా?

ఒక్కచోట మాత్రం వేళాకోళం లేదు. సూర్యుడి వైపు తిప్పి చూడొద్దు. పాత డబ్బాల్లో ఐపీస్‌కు బిగించే నల్ల ఫిల్టర్ వస్తుంది. వేడికి అది పగిలితే కన్ను పోతుంది. పారేయండి.

ఇక శని. 2025లో వలయాలు మనవైపు అంచుకు తిరిగి సన్నగీతలా మారాయి. 1612లో గెలీలియోనే అవి మాయమయ్యాయని బిత్తరపోయాడు. మీరు టెలిస్కోపును తిట్టి అమ్మేయండి. లేదా ఏలినాటి శనితో సతమతమవుతున్న కింది గది మామను పిలిచి చూపించండి. ‘‘చూడు మామా, సగం వదిలింది’’ అంటే చాయ్ ఆయనే తెప్పిస్తాడు.