ఇది ఓఆర్ఎస్ కాదు (చిన్నక్షరాల్లో)

మన ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2022లో కంపెనీలకు ఓ గొప్ప వెసులుబాటు కల్పించింది. తీపి పానీయం బ్రాండు పేరులో ‘ఓఆర్ఎస్’ అని నిక్షేపంగా పెట్టుకోవచ్చంది. ‘ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేసిన ఓఆర్ఎస్ ఫార్ములా కాదు’ అని ప్యాకెట్ మీద వేస్తే చాలంది. ఆ పేరు వాడొద్దని అదే ఏడాది ఏప్రిల్‌లో ఆదేశించిందీ ఈ సంస్థే. జులైకల్లా మనసు కరిగిపోయింది. పొడి ఓఆర్ఎస్ కూడా నీళ్లలో అంత బాగా కరగదు.

ఈ సూత్రం నాకు తెగ నచ్చేసింది. రేపట్నుంచి బండి మీద ప్లాస్టిక్ గిన్నె బోర్లించుకుని వెళ్తాను. ట్రాఫిక్ ఎస్సై ఆపితే గిన్నె తీసి లోపలి స్టిక్కరు చూపిస్తాను: ‘ఇది ఐఎస్ఐ ప్రమాణాల హెల్మెట్ కాదు.’ చలానా ఎందుకండీ, ముందే ఒప్పుకున్నాంగా?

ఓఆర్ఎస్ అనే ఆ మూడక్షరాల మీద జనానికి గురి ఊరికే కుదర్లేదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరాల్లో కలరా ప్రబలి, సెలైన్ సీసాలు అయిపోతే, బనగావ్‌లో డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి వేల ప్రాణాలు నిలబెట్టారు. నేటి ఫార్ములా ప్రకారం లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములే. ఆ కొలతలోనే మందు ఉంది. చక్కెర మోతాదు మించితే పేగు నీటిని పీల్చుకోవడం మాని, ఒంట్లో నీటిని బయటికి లాగుతుంది. విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి. పేరేమో మందుది, పని జబ్బుది.

విరేచనాలతో వాడిపోయిన పిల్లాణ్ణి చంకనేసుకుని ఓ తల్లి రాత్రిపూట మెడికల్ షాపుకొస్తుంది. “అన్నా, ఓఆర్ఎస్ ఇవ్వు.” షాపతను రంగురంగుల ప్యాకెట్ అందిస్తాడు. అప్పుడామె చేయాల్సిందల్లా భూతద్దం తీయడం, ఇంగ్లీషులో ఉన్న ఆ ఒక్క వాక్యం వెతికి చదవడం, లీటరుకు చక్కెరెంతో లెక్కగట్టడం, “ఇది వద్దన్నా” అనడం. అంతే! వినియోగదారుడి అప్రమత్తత అంటే ఇదేనట. మరి ఇన్‌స్పెక్టర్లూ ప్రయోగశాలలూ దేనికని అడక్కండి. వాళ్లూ ఏదో ఒక పని చేస్తూనే ఉంటారు.

ఆ అప్రమత్తతేదో హైదరాబాద్‌ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్‌ చూపించారు. ఎనిమిదేళ్లపాటు. లేఖలు రాశారు, వీడియోలు చేశారు, తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. చివరికి 2025 అక్టోబర్ 14న ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ వెసులుబాటును వెనక్కి తీసుకుంది. ఫార్ములా ప్రకారం లేనిదానికి ఆ పేరు వాడితే తప్పుదోవ పట్టించడమేనంది. ఈ సంగతి దానికి 2022 ఏప్రిల్‌లోనే తెలుసు. మధ్యలో మూడేళ్లు మర్చిపోయిందంతే, పెద్ద సంస్థ కదా!

ఆదేశం రాగానే కంపెనీలు ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కాయి. తయారైన సరుకునైనా అమ్ముకోనివ్వమని ఓ మొర. గోదాముల్లోని ప్యాకెట్ల మీద అంత బెంగ!

పాపం, వాళ్లకు నాదో చిన్న సలహా. ప్యాకెట్ మీద అక్షరాల సైజులు అటూఇటూ మార్చి చూడండి. ‘ఇది ఓఆర్ఎస్ కాదు’ అన్నది అరచేయంత, బ్రాండు పేరు ఆవగింజంత. అందులో ఉన్నదీ అదే, రాసిందీ అదే, ఒక్క మాటా మార్చక్కర్లేదు. అమ్ముకోండి మరి, ఎన్ని పోతాయో!