మా రోజుల్లో ఫిబ్రవరి ఇట్లా ఉండేది కాదు

మూడు రోజులు! ఏడాది పొడుగునా సాగే ఫార్ములా వన్ పందేలకు ముందు మీ కాలం వాళ్ళు పెట్టుకున్న టెస్టింగ్ మూడంటే మూడు రోజులు. 2023లో అంతే, 24లో అంతే, 25లోనూ అంతే. బహ్రెయిన్ ఎడారిలో జట్టుకొక కారు, దాన్ని ఇద్దరు డ్రైవర్లు వంతులేసుకుని నడపాలి. అంటే మనిషికి రోజున్నర. ఆ రోజున్నర చూసి, డిసెంబరులో కప్పు ఎవరెత్తుతారో ఫిబ్రవరిలోనే తేల్చేస్తారు మీరు. పైగా గ్రాఫులేసి మరీ.

మా రోజుల్లో చలికాలం టెస్టులంటే చలికాలమంతా నడిచేవి నాయనా. హెరెజ్, బార్సెలోనా, వాలెన్సియా, ఎస్తోరిల్... ఎవరికెక్కడ వీలుంటే అక్కడ తిప్పుకునేవాళ్ళు. ఫెరారీ వాళ్ళకు అదీ అక్కర్లేదు, ఫియొరానో ట్రాకు సొంతం, అది చాలకపోతే ముజెల్లో కూడా వాళ్ళదే. షూమాకర్ ఇంటికెళ్ళిన రోజున లూకా బడోయర్ తిప్పేవాడు. పాపం, ఆ బడోయర్! ఏళ్ళ తరబడి టెస్టులే చేసి చేసి, 2009లో ఫెరారీ డ్రైవర్ మసాకు దెబ్బ తగిలాక అసలు రేసులో కూర్చోబెడితే వాలెన్సియా క్వాలిఫైయింగ్‌లో చిట్టచివర, స్పాలోనూ చిట్టచివర. ఆయన తప్పని నేననను. సీజను మధ్యలో టెస్టులు చేయకూడదని ఆ ఏడాదే కదా నిషేధం పెట్టారు, ఆ కారు చెయ్యి తిరిగేంత నడిపిందెప్పుడు? మీ కాలం చేసిన మొదటి పాపం అదీ.

ఇంతకీ ఆ టెస్టుల సంగతి మాకెట్లా తెలిసేదంటావా? ఇంగ్లీషు పేపర్లో క్రికెట్ అంతా అయ్యాక, టెన్నిస్ కూడా అయ్యాక, కింద మూలన నాలుగు లైన్లు. అంతకు మించి కావాలంటే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌కు పోవాలి. పాత పుస్తకాల గుట్టల్లో అట్ట ఊడిన విదేశీ మోటారు పత్రికలు దొరికేవి. బేరమాడి, అలిగి, నాలుగడుగులు నడిచి, వెనక్కొచ్చి కొనుక్కోవాలి. ఫిబ్రవరి టెస్టుల సంచిక మా చేతికొచ్చేసరికి ఒక్కోసారి ఆగస్టు అయ్యేది. అయినా అది ముందు పెట్టుకుని, ఈ ఏడాది ఎవరు గెలుస్తారో జోస్యం చెప్పుకునేవాళ్ళం. మావి తప్పిపోయేవి కావు మరి!

మీకేమో టెస్టింగ్ కూడా టీవీలో ప్రత్యక్ష ప్రసారం. కారు వెళ్తుంది, వస్తుంది, గ్యారేజీలో ఆగుతుంది, ముక్కుకు ఆకుపచ్చ రంగు పూస్తారు, చక్రం వెనక ఇనప చువ్వల తడికలాంటిది బిగిస్తారు. గాలి ఎటు పోతోందో చూడ్డానికట. ఇదంతా దండగమారి పని అని రూఢి చేసుకోవడానికి పోయినేడు నేను పొద్దుపోయేదాకా చూడాల్సొచ్చింది.

అసలు కొత్తగా కనిపెట్టినట్టు మాట్లాడతారు కానీ, టైము పట్టికను నమ్మకూడదని మాకు ఎప్పుడో తెలుసు. 2001 గుర్తుందా? నీకెక్కడ గుర్తుంటుందిలే. నాలుగుసార్లు ఛాంపియనైన అలెన్ ప్రోస్ట్ సొంత జట్టు పెట్టుకున్నాడు. డబ్బుకు కటకట. అలాంటి జట్టు ఆ చలికాలం టెస్టుల్లో హఠాత్తుగా పైకొచ్చింది. జాన్ అలేసీ పట్టికలో అందరికంటే మీద! స్పాన్సర్ల కంట్లో పడాలని ట్యాంకులో అడుగంటిన పెట్రోలుతో తిప్పారని అప్పుడే చెవులు కొరుక్కున్నారు. సీజనంతా కలిపి ఆ జట్టుకొచ్చినవి నాలుగు పాయింట్లు. 2002 జనవరికి జట్టే లేదు, దివాలా.

సరే, నేర్చుకున్నాం అనుకున్నారా అందరూ? 2008 డిసెంబరులో హోండా చేతులెత్తేసింది. రాస్ బ్రాన్ ఆ జట్టును చేతికి తీసుకుని, స్పాన్సరు పేరంటూ పెద్దగా లేని తెల్ల కారును 2009 మార్చిలో, రేసులు ఇంకో మూడు వారాల్లో ఉన్నాయనగా, బార్సెలోనాకు తెచ్చాడు. ఆ టెస్టులోనే అందరికంటే వేగం. "ఇదీ ప్రోస్ట్ కథే, డబ్బు కోసం ఖాళీ ట్యాంకు నాటకం" అన్నవాళ్ళు కోకొల్లలు. తీరా చూస్తే కారు కింద రెండంతస్తుల డిఫ్యూజరు, కారును నేలకు నొక్కి పట్టేది, అందుకే ఆ వేగం. మొదటి రేసు మెల్‌బోర్న్‌లో ఆ జట్టు డ్రైవర్లు బటన్, బారికెల్లో ఒకటీ రెండూ. మొదటి ఏడు రేసుల్లో బటన్ ఆరు గెలిచాడు, రెండు టైటిళ్ళూ ఆ జట్టుకే. ఇప్పుడు చెప్పు, బయటి నుంచి చూసేవాడికి ఆ రెండు జట్లలో తేడా ఎక్కడుంది? రెండూ బీద జట్లే, రెండూ పట్టికలో పైనే. నీ గ్రాఫు ఏది చెప్పేది?

ల్యాపులు లెక్కపెట్టమంటావు. పెట్టాం. 2014లో హెరెజ్‌లో నాలుగు రోజులకు రెడ్ బుల్ తిప్పింది 21 ల్యాపులు. పని అయిపోయిందన్నారు. ఆ ఏడాది వాళ్ళ రికార్డో మూడు రేసులు గెలిచాడు, జట్టు రెండో స్థానంలో నిలిచింది. మరుసటి ఏడు అదే హెరెజ్‌లో మెక్‌లారెన్-హోండా 79 ల్యాపులు. రెడ్ బుల్ కోలుకుంది కదా, వీళ్ళూ కోలుకుంటారన్నారు. పది జట్లలో తొమ్మిదో స్థానం.

మా రోజుల్లో అబద్ధాలు ఆడినా ఒక పద్ధతిగా ఆడేవాళ్ళు. లేని వేగం చూపించేవాళ్ళు, అంతే. ఇప్పటివాళ్ళు ఉన్న వేగం దాచిపెడతారు. ఎంసెట్ ముందు రోజు "ఏం చదవలేదురా" అని ఏడుపు ముఖంతో తిరిగి, ఫలితాలనాడు పేపర్లో ఫొటో వేయించుకునే రకం. 2019 చూడు. బార్సెలోనా టెస్టుల ఆఖరి రోజున ఫెరారీలో వెటెల్ 1 నిమిషం 16.221 సెకన్లు, మెర్సిడెస్‌లో హామిల్టన్ 16.224. ఈ ఏడు ఫెరారీదే అని లోకమంతా కోడై కూసింది. హామిల్టన్ కూడా ఫెరారీ మాకంటే ముందుందని అన్నాడు. మెల్‌బోర్న్‌లో రేసు గెలిచిన మెర్సిడెస్ బొట్టాస్‌కు దాదాపు నిమిషం వెనక వచ్చాడు వెటెల్. మొదటి ఐదు రేసుల్లోనూ మొదటి రెండు స్థానాలు మెర్సిడెస్‌వే.

ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. బార్సెలోనాలో పది కిలోల ఇంధనం ఎక్కువుంటే ల్యాపుకు సుమారు 0.3 సెకను పోతుంది. 110 కిలోలు పోస్తే మూడు సెకన్ల పైన. పోటీ ఏమో పదో వంతుల్లో. ఎవడి ట్యాంకులో ఎంతుందో వాడే చెప్పడు, ఇంజను ఎంత నొక్కాడో చెప్పడు, ఉన్నట్టుండి గాలి దిశ మారితే ఆ లెక్కా పోయె. అయినా మీరు మూడో దశాంశం దాకా తేలుస్తారు!

మా మనవడొకడున్నాడు, ఇదే పిచ్చి. 2025లో బహ్రెయిన్‌లో విలియమ్స్ కారులో సైన్జ్ అందరికంటే వేగంగా తిప్పితే, "చూశావురా" అన్నాను. "ఒక్క ల్యాపు చూడకు తాతయ్యా, నోరిస్ వరసగా తిప్పినవి చూడు. టైర్లు అరుగుతున్నా టైము పడిపోవట్లేదు. కప్పు మెక్‌లారెన్‌దే" అన్నాడు వాడు. మెక్‌లారెన్ రెండు టైటిళ్ళూ ఎత్తుకుపోయింది, నోరిస్ ఛాంపియన్. ఏదో గాలివాటంగా తగిలిందిలే అన్నాను. వాడు నవ్వాడు, గౌరవం లేని నవ్వు.

నేనైతే మొదటి రేసు క్వాలిఫైయింగ్ దాకా నోరు మెదపను. అక్కడ అందరూ ట్యాంకు ఖాళీ చేసుకుని, మెత్తటి టైర్లు వేసుకుని రావాల్సిందే, దాచడానికి ఉండదు. నిజానికి 2003 నుంచి 2009 దాకా మా కాలం వాళ్ళే చివరి ల్యాపులకు రేసు ఇంధనం పోయించి అదీ చెడగొట్టారనుకో, ఆ సంగతి మనవడికి తెలియదు, నువ్వూ చెప్పకు. మెల్‌బోర్న్ క్వాలిఫైయింగ్ మనకు శనివారం పొద్దున పదిన్నరకు. అప్పుడు వాణ్ణి నా పక్కనే కూర్చోబెట్టుకోవాలి, టీవీలో ఆ చిన్న అంకెలు నాకు ఆనవు.